అడుగున మిగిలిన డాలెర్: మళ్ళీ ముద్రపడిన స్వీడన్ యుద్ధకాలపు నాణేన్ని గుర్తుపట్టడం

పాలకొల్లు, నరసాపురం, కాకినాడ జగన్నాథపురం వైపు ఏ పాత పెట్టెలోనైనా రాగి నాణెం బయటపడితే అది డచ్చివాళ్ళదో, ఇంగ్లీషు కుంపిణీదో అయి ఉంటుందని చూడకుండానే చెప్పేస్తారు. చాలావరకు ఆ మాట నిజమే అవుతుంది. పాలకొల్లు, ద్రాక్షారామం, జగన్నాథపురాల్లో డచ్చివాళ్ళ వర్తక స్థావరాలు ఉండేవి, పక్కనే యానాం ఫ్రెంచివాళ్ళది. చిక్కల్లా ఆన్‌లైన్‌లో తూకం లెక్కన అమ్మే విదేశీ రాగి లాట్లతో వస్తుంది. డ్యూట్‌లనే డచ్చి రాగి నాణేల మధ్య అదే సైజులో, అదే రంగులో ఒక నాణెం ఉంటుంది. దానిమీద బొమ్మ మీద బొమ్మ, అక్షరం మీద అక్షరం. అరిగిపోయిందనుకుని పక్కన పడేస్తారు. అది స్వీడన్ రాజు పన్నెండో కార్ల్ యుద్ధకాలంలో వేసిన అత్యవసర నాణెం కావచ్చు. యుద్ధం చివర్లో దాని పాత విలువ చెరిపేసి, అదే బిళ్ళ మీద కొత్త ముద్ర కొట్టారు.

ఇలాంటి నాణెంలో పై ముద్ర చదవడం సగం పనే. అది ఎప్పుడు మారిందో పై ముద్ర చెబుతుంది, అసలు ఏ నాణెమో అడుగు ముద్ర చెబుతుంది. శ్రమంతా ఆ రెండోదానికే పెట్టాలి.

ముందు కథ తెలియాలి

స్వీడన్ 1700 నుంచి 1721 దాకా ఉత్తర ఐరోపాలో పెద్ద యుద్ధం చేసింది. 1709లో పొల్తావా దగ్గర రష్యా చేతిలో దెబ్బతిన్నాక ఖజానా ఎండిపోయింది. 1715 నుంచి వెండికి బదులు చిన్న రాగి బిళ్ళల మీద ‘1 డాలెర్ ఎస్.ఎం.’ అని ముద్రించి వదిలారు. ఎస్.ఎం. అంటే వెండి లెక్క నాణెం. ఆ రోజుల్లో స్వీడన్‌లో రాగి పలకలే డబ్బుగా చెల్లేవి, ఒక డాలెర్ పలక ముప్పావు కిలో తూగేది. దానికి బదులు నాలుగైదు గ్రాముల బిళ్ళ చేతిలో పెట్టి ఇదీ డాలెరే అన్నారు. ఈ ఏర్పాటుకు జనం నోట నిలిచిన పేరు రాజు సలహాదారు గోర్ట్జ్. 1718 నవంబరు 30న నార్వేలో కోట ముట్టడిలో కార్ల్ చనిపోయాడు. తర్వాత కొద్ది నెలలకే, 1719లో, స్టాక్‌హోమ్‌లో గోర్ట్జ్ తల నరికారు. బిళ్ళల విలువ తెగ్గోసి, వాటిలో చాలావాటిని ‘1 ఓరె కె.ఎం.’ నాణేలుగా మళ్ళీ ముద్రించారు.

కె.ఎం. అంటే రాగి లెక్క. ఒక డాలెర్‌కు 32 ఓరెలు, ఒక వెండి ఓరెకు మూడు రాగి ఓరెలు. అంటే నిన్నటిదాకా 96 రాగి ఓరెలుగా చెల్లిన బిళ్ళ ఇప్పుడు ఒక్క ఓరె. రాగి ఓరెకు కావలసిన బరువు ఈ బిళ్ళల బరువుకు దగ్గరగా ఉండటంతో కరిగించే ఖర్చు లేకుండా నేరుగా పైనే కొట్టేశారు. మనకు రెండు ముద్రలు కలిసి దొరకడానికి కారణం అదే.

తూకం, కొలత

బొమ్మ చూడకముందే తూచండి. వంటింటి కాటా పనికిరాదు, 0.01 గ్రాము చూపే కాటా కావాలి. బంగారం కొట్టులో అడిగితే తూచి ఇస్తారు. అడ్డకొలత వెర్నియర్ కాలిపర్‌తో రెండు దిక్కుల్లో తీయండి, ఎందుకంటే మళ్ళీ ముద్ర పడిన బిళ్ళ తరచూ కాస్త కోలగా సాగి ఉంటుంది. అత్యవసర బిళ్ళలు సుమారు 3.5 నుంచి 5 గ్రాముల మధ్య, 22 నుంచి 26 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. రెండో దెబ్బకు బరువు మారదు, వెడల్పు మాత్రం కొద్దిగా పెరుగుతుంది. తుప్పు తిన్న నాణెం తేలికగా ఉండటం సహజం.

మన వైపు దీనితో పొరబడేవి ముఖ్యంగా రెండు. డచ్చి డ్యూట్ మూడు గ్రాములకు అటూఇటూ ఉండి, 21 మి.మీ. దగ్గర ఆగుతుంది. ఒకదానిలో ఒకటి అల్లుకున్న వి, ఓ, సి అక్షరాలు ఎంత అరిగినా ఎక్కడో ఒకచోట కనబడతాయి. మద్రాసు కుంపిణీ 1808లో దించిన పది కాసుల నాణెం మరీ ప్రమాదం. బరువు 4.66 గ్రాములు, అడ్డం 26 మి.మీ. లోపు, అంటే తూకంతో దాన్ని విడదీయలేం. దానికి ఒకవైపు సింహం, రెండోవైపు పారసీ అక్షరాలు ఉంటాయి. కొక్కెం తిరిగిన పారసీ గీత ఒక్కటి దొరికినా స్వీడన్ సంగతి మరిచిపోవచ్చు.

తూకం 14 గ్రాముల దగ్గరో, 28 గ్రాముల దగ్గరో వస్తే అది వేరే కాలం. స్వీడన్ రాజు నాలుగో గుస్టావ్ అడాల్ఫ్ హయాంలో 1799 నుంచి కొన్నేళ్ళు పాత 1 ఓరె ఎస్.ఎం. నాణేల మీద కొత్త లెక్క స్కిల్లింగ్ ముద్రలు, అంటే అర స్కిల్లింగ్, 2 ఓరె ఎస్.ఎం. నాణేల మీద ఒక స్కిల్లింగ్ కొట్టారు. కిరీటం కింద జి, ఎ అక్షరాలు, రోమన్ నాలుగు ఉంటాయి. అక్కడా అడుగు ముద్ర చదివే పద్ధతి ఇదే, బిళ్ళ పెద్దది కాబట్టి పని సులువు.

లోహం మీద అనుమానం ఉంటే నీళ్ళలో తూచండి. కాటా మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. అప్పుడు కాటా చూపే అంకెతో నాణెం బరువును భాగించాలి. 4.50 గ్రాముల నాణేనికి 0.50 చూపితే సాంద్రత 9 దగ్గర, అది రాగే. 0.53 చూపితే 8.5 దగ్గర, ఇత్తడి కావచ్చు. తేడా మూడు వందో వంతులే కాబట్టి మూడుసార్లు తూచి సగటు తీసుకోండి. గుంటల్లో ఇరుక్కున్న గాలి బుడగ లెక్కంతా తారుమారు చేస్తుంది, మెత్తని కుంచెతో తడిపి వదిలించాలి. ఇప్పుడు చాలా బంగారం కొట్ల దగ్గర ఉన్న ఎక్స్‌రే కిరణాలతో లోహం చెప్పే మిషన్లో పెట్టినా రాగి ఎంతో, జింకు ఎంతో చెబుతుంది, కాకపోతే అది పైపొరనే చదువుతుంది.

వెలుగు పక్కనుంచి రావాలి

నాణెం మీద నేరుగా ట్యూబ్‌లైటు పడితే అడుగు ముద్ర మాయమైపోతుంది. గదిలో లైట్లు ఆర్పి, చిన్న ఎల్‌ఇడి టార్చిని బల్లకు దాదాపు ఆనించి, పది పదిహేను డిగ్రీల వాలులో వెలుగు పడేలా పెట్టండి. పది రెట్లు చూపే భూతద్దం చాలు, అంతకన్నా ఎక్కువైతే అక్షరం ముక్క చూస్తారు కానీ అక్షరం చూడరు. టార్చిని కదలనివ్వకుండా నాణేన్ని ఎనిమిదో వంతు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ ఫోనుతో పైనుంచి నిట్టనిలువుగా ఫొటో తీయండి. ఒక వాలులో కనబడని గీత మరో వాలులో నీడ వేస్తుంది.

ఇక్కడ ఒక మోసం ఉంది. వెలుగు కింది అంచు వైపు నుంచి వస్తే కళ్ళు ఉబ్బును గుంటగా, గుంటను ఉబ్బుగా చూస్తాయి. ఫొటోలో వెలుగు ఎప్పుడూ ఎడమ పైభాగం నుంచి వచ్చేలా ఉంచుకుంటే ఈ గొడవ ఉండదు.

పై ముద్ర

1719 తర్వాతి ఓరెలో వెతకాల్సినవి ఒకవైపు మూడు కిరీటాలు, పాలకుల పేరు పొడి అక్షరాలు. మొదట రాణి ఉల్రికా ఎలియోనోరా, 1720లో ఆమె తప్పుకున్నాక భర్త ఫ్రెడ్రిక్. రెండోవైపు ఒకదాన్నొకటి దాటుతూ రెండు బాణాలు. అది రాగి గనులున్న డాలార్నా సీమ గుర్తు, స్వీడన్ రాగి నాణేల మీద తరచూ కనిపిస్తుంది. బాణాల దగ్గర అంకె, ఓరె మాట, కె, ఎం అక్షరాలు ఉంటాయి. బాణం మొన ఒక్కటి తేలినా పై ముద్ర ఖాయం చేసుకోవచ్చు.

అడుగు ముద్ర ఎక్కడ మిగులుతుంది

నాణెం అంతా కలియవెతికితే అలసట తప్ప ఏమీ మిగలదు. అచ్చు దిగినప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే చూపు నేరుగా అక్కడికే పోతుంది. అచ్చులో చదునుగా ఉన్న భాగం ముందుగా తగిలి పాత అక్షరాలను నలిపేస్తుంది. కొత్త బొమ్మ కోసం అచ్చులో గుంటగా తొలిచిన చోట లోహం పూర్తిగా ఎక్కకపోతే పాత ఉపరితలం అలాగే ఉండిపోతుంది, కజ్జికాయల చెక్కలో పిండి చాలక మూల తేలనట్టు. కాబట్టి కొత్త కిరీటం నెత్తిమీద, అంకె పొట్టమీద, అంటే ఎత్తైన చోట్లే పాత అక్షరం ముక్క ఎక్కువగా దొరుకుతుంది. తర్వాత అంచు వెంబడి చూడండి, అక్కడ ఒత్తిడి తక్కువ. దెబ్బ ఒకవైపు వాలి పడి ఉంటే నాణెంలో ఒక సగం కొత్త ముద్ర బలంగా, ఎదురు సగం పాత ముద్ర బలంగా ఉంటుంది. ముందు ఆ బలహీనమైన వైపేదో తేల్చుకోండి. చదునులో నలిగిన పాత అక్షరం ఉబ్బుగా ఉండదు, అంచులు పలచబడి నీడలా ఉంటుంది.

అడుగున వెతకాల్సిన బొమ్మలు పదే. 1715 నాటిది కిరీటం, కింద సంవత్సరం. 1716 నాటిది కూర్చున్న స్త్రీ మూర్తి, చుట్టూ ‘పుబ్లికా ఫిదె’. 1717 నాటిది ఆయుధంతో నిలబడ్డ వీరనారి, ‘వెట్ ఓక్ వాపెన్’. 1718లో ఏకంగా ఆరు వచ్చాయి. సింహంతో ఉన్న సైనికుడు ‘ఫ్లింక్ ఓక్ ఫేర్డిగ్’, మిగతా ఐదూ రోమన్ దేవుళ్ళు: గద్దతో యూపిటర్, బిడ్డను మింగబోతున్న సాటర్నుస్, తలచుట్టూ కిరణాలతో ఫోయెబుస్, కవచంతో మార్స్, రెక్కల టోపీతో మెర్కురియుస్. చివరిది 1719 నాటి ‘హోప్పెట్’, లంగరు పట్టుకున్న స్త్రీ. బొమ్మకు అటూ ఇటూ పేరు, అడుగున సంవత్సరం.

రెండోవైపు మాత్రం పదింటికీ ఒకే మాట: ఒకటి అంకె, డాలెర్, ఎస్.ఎం. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. డి, ఎ, ఎల్ అక్షరాలు స్పష్టంగా దొరికాయని సంబరపడి ఏదో ఒక దేవుడి పేరు రాసేసుకుంటారు. డాలెర్ మాట అది అత్యవసర బిళ్ళ అని మాత్రమే రుజువు చేస్తుంది, పదింట్లో ఏదో చెప్పదు. అది బొమ్మ వైపే తేలాలి. ఇంకో మాట, రెండో దెబ్బకు బిళ్ళను ఏ వైపు తిప్పి పెట్టారన్న నియమం లేదు. పాత బొమ్మ కొత్త బాణాల కిందా ఉండొచ్చు, కిరీటాల కిందా ఉండొచ్చు. కాబట్టి రెండు వైపులా వెతకాలి.

సంవత్సరం ముక్క దొరికితే పని చాలా తగ్గుతుంది. అడుగున 1715, 1716, 1717 అంకెల్లో ఏది తేలినా నాణెం తేలినట్టే, ఆ ఏడాదికి ఒక్కటే బొమ్మ. 1718 అయితే ఆరింటి మధ్య వెతుకులాట మిగులుతుంది. 1719 అని చదివితే తొందరపడకండి. అది అడుగున హోప్పెట్ సంవత్సరమూ కావచ్చు, పైన కొత్త ఓరె సంవత్సరమూ కావచ్చు. ఏ అంకె మీదుగా ఏ గీత పోతోందో భూతద్దంలో చూడాలి. పై ముద్ర గీత తెగకుండా సాగుతుంది, అడుగు గీత దాని దగ్గరకు వచ్చి నలిగి ఆగుతుంది.

రెండు ముక్కలు, ఒకే కోణం

ఒక్క ముక్క చూసి తీర్పు చెప్పకూడదు. వంగిన గీత ఒకటి కనిపిస్తే లంగరు కొక్కెం అంటారు, గద్ద రెక్క అంటారు, కొడవలి అంటారు, ఎవరికి ఏది కావాలంటే అది. దాన్ని ఇలా తేల్చాలి.

అనుమానం ఉన్న బొమ్మ తాలూకు శుభ్రమైన నాణెం ఫొటోను మీ నాణెం ఫొటోతో సమానమైన సైజుకు తెచ్చి, రెండూ 12 సెంటీమీటర్ల అడ్డంతో ముద్రించుకోండి. మీ నాణేనిది మామూలు కాగితం మీద, పోలిక బొమ్మ పారదర్శక షీటు మీద. జిరాక్స్ షాపులో ఓహెచ్‌పీ షీటు అంటే ఇస్తారు. షీటును పైన పెట్టి, మధ్యలో గుండుసూది గుచ్చి, పదిహేను డిగ్రీల చొప్పున తిప్పండి. చుట్టూ తిరిగేసరికి ఇరవై నాలుగు స్థానాలు. మీరు గుర్తించిన ముక్క ఒక స్థానంలో కుదిరితే అక్కడ ఆపి, ఆ కోణంలోనే ఇంకో ముక్క ఎక్కడ ఉండాలో షీటు మీద చూసి, నాణెం మీద సరిగ్గా అక్కడ వెతకండి. ఉదాహరణకు కింద అంచు దగ్గరి వంపు నిజంగా హోప్పెట్ లంగరే అయితే, అదే కోణంలో పేరులోని పి అక్షరం నిలువు గీత ఎక్కడ పడాలో షీటు చెబుతుంది. అక్కడ సన్నని గీత నీడైనా ఉంటే నాణెం తేలింది. చోటు చదునుగా, చక్కగా, ఖాళీగా ఉంటే ఊహ తప్పు, ఇంకో బొమ్మ షీటు పెట్టాలి. ఆ చోట తుప్పు గుంట ఉంటే మాత్రం అవునూ కాదు, కాదూ కాదు, మూడో ముక్క వెతకాలి.

పాత కేంద్రం, కొత్త కేంద్రం ఒకటి కాకపోవచ్చు. దెబ్బ పక్కకు పడిన నాణేల్లో షీటును తిప్పడంతో పాటు రెండు మూడు మిల్లీమీటర్లు జరిపి కూడా చూడండి, పెద్ద చేసిన కాగితం మీద అది ఒక సెంటీమీటరు పైమాటే.

మీదముద్ర (పాత నాణెం మీద కొట్టిన కొత్త ముద్ర) కానివి

ఒకే బొమ్మ కొద్దిగా జరిగి రెండుసార్లు కనిపిస్తే అది అచ్చు రెండు దెబ్బలు పడిన నాణెం, కింద వేరే నాణెమేమీ లేదు. నీడలా కనిపించే అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటే, పై అచ్చు కింది అచ్చు మధ్యలో బిళ్ళ లేకుండా ఢీకొన్నాయని అర్థం. నాణెంలో ఒకచోట మాత్రమే చిన్న గుంటలో ముద్ర ఉండి మిగతాదంతా చెక్కుచెదరకపోతే అది తర్వాత అదనంగా కొట్టిన చిన్న ముద్ర. అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద చీమ తల లాంటి బుడగ గుంటలు, రెండు ముద్రలూ ఒకే మెత్తదనంతో ఉండటం, ఇవి పోతపోసిన నకలు గుర్తులు. అసలు మీదముద్రలో రెండు ముద్రల పదును ఎప్పుడూ ఒకేలా ఉండదు.

చింతపండు దగ్గరికి తీసుకెళ్ళకండి

మన ఇళ్ళలో రాగి కనిపిస్తే చెయ్యి చింతపండు మీదికి పోతుంది. చెంబుకు అది మంచిదే, నాణేనికి చావు. పులుపు పైపొరను తినేస్తుంది, అడుగు ముద్ర మిగిలి ఉండేది ఆ పైపొరలోనే. నిమ్మకాయ, ఉప్పు, వెనిగర్, పాత్రలు తోమే పొడి, ఇనుప పీచు, అన్నీ అంతే. మెరిసే నాణెం వస్తుంది, చదవడానికి ఏమీ ఉండదు.

మట్టి ఉంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళలో ఒకరోజు నానబెట్టి, నీళ్ళు మార్చి మళ్ళీ నానబెట్టండి. జిడ్డు ఉంటే ల్యాబ్ సామాన్ల కొట్టులో దొరికే స్వచ్ఛమైన అసిటోన్ గాజు గిన్నెలో పోసి పది నిమిషాలు ముంచండి, పొయ్యి దగ్గర వద్దు, కిటికీలు తెరిచి చేయండి. గోళ్ళ రంగు తీసే ద్రావణంలో నూనె, రంగు కలిసి ఉంటాయి, అది వాడకూడదు. గట్టి మట్టిని వెదురు పుల్లతో, తడిగా ఉన్నప్పుడే, భూతద్దంలో చూస్తూ తీయాలి.

అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో ఇంకో బెడద ఉంది. నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతూ, తుడిచినా మళ్ళీ వస్తుంటే అది మామూలు చిలుము కాదు, లోపల క్లోరైడు రాగిని తినేస్తోంది. దాన్ని మిగతా నాణేల నుంచి వెంటనే విడదీసి, మూత బిగుతైన డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. వానాకాలంలో పొట్లాలు తొందరగా తడిసిపోతాయి, రంగు మారే రకం కొంటే ఎప్పుడు ఆరబెట్టాలో తెలుస్తుంది. మెత్తని పీవీసీ కవర్లు వద్దు, వాటిలోంచి వచ్చే ఆమ్లం రాగికి పచ్చ జిగురు పట్టిస్తుంది.

చట్టం, కవరు మీద రాత

లాట్‌లో కొన్నదైతే బిల్లు, పార్శిల్ చీటీ నాణెంతో పాటే ఉంచండి. చేలోనో, చెరువు తవ్వకంలోనో మట్టిలోంచి వచ్చినదైతే దారి వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన దేన్నైనా కలెక్టరుకు తెలపాలి. దొరికిన చోటు, లోతు, పక్కన ఇంకేం ఉన్నాయో అప్పటికప్పుడు రాసి పెట్టుకోండి. వందేళ్ళు దాటిన నాణేలకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, కాబట్టి గ్రేడింగ్ కోసమని విదేశాలకు పోస్టు చేయకండి. ఫొటోలు పంపితే చాలు.

కవరు మీద రాసేటప్పుడు చూసినది వేరుగా, ఊహించినది వేరుగా రాయాలి. ఇలాగన్నమాట: ‘4.38 గ్రా., 24.1 × 24.9 మి.మీ., రాగి. పై ముద్ర: 1 ఓరె కె.ఎం., బాణాలు స్పష్టం, సంవత్సరం చదవడానికి లేదు. అడుగు ముద్ర: బాణాల వైపు, గడియారంలో ఏడు గంటల చోట లంగరు వంపు, రెండు గంటల చోట పి నిలువు గీత, రెండూ ఒకే కోణంలో. హోప్పెట్ 1719 మీద.’ ఒక్క ముక్కే కుదిరి ఉంటే చివరి వాక్యం బదులు ‘1715–1719 అత్యవసర డాలెర్ మీద, రకం తేలలేదు’ అని రాసి, ఎనిమిది ఫొటోలూ అదే నంబరుతో దాచండి.